పాప ఎయిర్ పిస్టల్‌కి ఏ పెలెట్ కొనాలి: పిస్టల్‌ని వైస్‌కి బిగించి నాలుగు రకాలు కొట్టి చూశాక

మే నెలలో ఒక ఆదివారం. షూటింగ్ క్లబ్బులో మా పాప ఎయిర్ పిస్టల్‌తో 60 షాట్ల ప్రాక్టీస్ మ్యాచ్ ఆడుతోంది. అప్పటిదాకా అన్నీ తొమ్మిదులు, పదులే. 42వ షాట్‌కి ఉన్నట్టుండి ఏడు పడింది. పిస్టల్ బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. మ్యాచ్ అయ్యాక బయటికి వచ్చి, "నాన్నా, అది నేను కొట్టింది కాదు. గురి చూసే సైట్ కదల్లేదు. ట్రిగ్గర్ కూడా మెత్తగానే పడింది" అంది. కోచ్ సార్ మాత్రం "చెయ్యి జారి ఉంటుందమ్మా, మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుంది" అన్నారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లకి బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ పని చేస్తాను. ఈ పనిలో 22 ఏళ్ళయింది. డ్రైవర్ వచ్చి బండి లాగడం లేదని చెబితే, నీకు నడపడం రాదని పంపించెయ్యం కదా. ఇంజన్ విప్పి చూస్తాం. అందుకే ఆ సాయంత్రం పాప బ్యాగులోంచి పెలెట్ల (పిస్టల్‌లో వేసే సీసపు గుళ్ళ) డబ్బా తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. అక్కడ మొదలైన పని దాదాపు రెండు నెలలు నడిచింది. పిల్లల్ని ఎయిర్ పిస్టల్‌కి పంపిస్తున్న మన ఊరి తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నాను. ఎందుకంటే పిస్టల్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది దొరికారు కానీ, పెలెట్ గురించి నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 2024 పారిస్‌లో మను భాకర్‌కి రెండు కాంస్యాలు వచ్చాయి కదా, అందులో ఒకటి ఒంటరిగా, రెండోది సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి. ఆ రెండూ ఈ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లోనే. మా పాప అది టీవీలో చూసే పట్టుబట్టి చేరింది. ఇందులో వాడేది 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్ళు, అంటే అంగుళాల్లో .177 బోర్ (గొట్టం లోపలి వ్యాసం). ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, కాగితం మీద పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడటానికి. నడుము సన్నగా ఉండి, వెనక అంచు గరాటాలా విచ్చుకుని ఉంటుంది. ఆ వెనక అంచుని స్కర్ట్ అంటారు. టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. రంధ్రం అంచు ఆ గీతని తాకినా పదే ఇస్తారు కాబట్టి, పెలెట్ మధ్యభాగం టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. అక్కడి నుంచి ప్రతి 8 మిల్లీమీటర్లకి ఒక పాయింటు పోతుంది. ఈ 8 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మిగతా లెక్కంతా దాని మీదే.

మేం అప్పటిదాకా వాడుతున్నది ఊళ్ళో ఒక స్పోర్ట్స్ షాపులో కొన్న చవక డబ్బా. షాపు పేరు, డబ్బా పేరు రాయను. కొన్నప్పుడే మూత సొట్టపడి ఉంది. "లోపల సరుకు బాగానే ఉంటుంది సార్, మూతతో పనేముంది" అంటే నేనూ సరే అనుకున్నాను. షెడ్డులో తెల్ల గుడ్డ మీద వంద గుళ్ళు పోసి, బేరింగులు చూసే భూతద్దం కింద ఒక్కొక్కటే తిప్పి చూశాను. 17 గుళ్ళకి స్కర్ట్ ఒక పక్కకి నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కొన్నిటికి అచ్చు కలిసినచోట సీసపు రజను వేలాడుతోంది. డబ్బా అడుగున నల్లటి పొడి. మూడు గుళ్ళ మీద తెల్లగా బూజులా పట్టింది. తేమ తగిలి సీసం పైన వచ్చే పూత అది.

నా పనిలోంచి చెబితే త్వరగా అర్థమవుతుంది. పెలెట్ స్కర్ట్ చేసే పని ఇంజన్‌లో పిస్టన్ రింగు చేసే పనే. వెనక నుంచి గాలి తోసినప్పుడు ఆ పల్చటి అంచు విచ్చుకుని బ్యారెల్ (పిస్టల్ గొట్టం) గోడకి అతుక్కోవాలి, గాడుల్లోకి దిగాలి, గాలి పక్కనుంచి జారిపోకుండా ఆపాలి. రింగు ఒకచోట విరిగితే కంప్రెషన్ ఎలా పోతుందో, స్కర్ట్ నొక్కుకుపోతే ఇక్కడా అలాగే పోతుంది. దానికి తోడు, పెలెట్ బ్యారెల్ కొస దాటే క్షణంలో వెనకున్న గాలి ఆ వంకర అంచు పక్కనుంచి ముందుగా బయటికి తన్నుతుంది. దాంతో పెలెట్ కొంచెం వాలి బయల్దేరుతుంది. ఎంత వాలుతుందో, ఎటు వాలుతుందో ఏ రెండు గుళ్ళకీ ఒకేలా ఉండదు.

అయినా నేను మొదట అనుమానించింది స్కర్ట్‌ని కాదు, బరువుని. వన్‌టౌన్‌లో మా బావమరిది బంగారం పని చేస్తాడు. వాడి కాటా మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి కొట్టు కట్టేసే వేళకి వెళ్ళి, చవక డబ్బాలోవి 50, తెప్పించిన జర్మనీ డబ్బాల్లోవి తలా 50 ముందు పెట్టాను. "బావా, ఇవన్నీ ఒక్కొక్కటే తూచాలా?" అని అడిగాడు కానీ, పాప కోసమని చెప్పగానే కాటా తుడిచి, సున్నాకి పెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే వేస్తూ కూర్చున్నాడు. నేను అంకెలు రాసుకున్నాను. పదకొండున్నర అయింది. మా చెల్లెలు భోజనం పట్టుకొచ్చింది కానీ, సీసం ముట్టుకున్న చేతులు కదా, ఇద్దరం సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాకే తిన్నాం.

చవక డబ్బాలో గుళ్ళు 0.47 గ్రాముల నుంచి 0.53 దాకా చెదిరిపోయి ఉన్నాయి. జర్మనీ కంపెనీ ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళ ఆర్10 మ్యాచ్ పిస్టల్ రకం 0.45 గ్రాములని డబ్బా మీద ఉంటుంది. కాటాలోనూ అంతే, తేడా వస్తే మిల్లీగ్రాముల్లోనే. ఇంకో జర్మనీ కంపెనీ హెచ్ అండ్ ఎన్ వాళ్ళ ఫినాలే మ్యాచ్ లైట్ 0.51 గ్రాములు, అదీ అలాగే నిలకడగా ఉంది. దొంగ దొరికాడని ఆ రాత్రి సంబరపడ్డాను. పొద్దున్నే లెక్క వేసి చూస్తే కుదరలేదు. మ్యాచ్ పిస్టల్‌లో పెలెట్ సెకనుకి సుమారు 150 మీటర్ల వేగంతో పోతుంది. 10 మీటర్లు దాటేసరికి భూమి దాన్ని 22 మిల్లీమీటర్ల దాకా కిందికి లాగుతుంది. గాలి తోపు అదే ఉండి బరువు పది శాతం పెరిగితే వేగం ఐదు శాతం దాకా తగ్గుతుంది, ఆ దిగుడు ఇంకో 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే. ఒక పాయింటు పోవాలంటే 8 కావాలి. బరువు ఒక్కటే ఏడు పడేలా చెయ్యలేదు. గుళ్ళన్నీ తూచి వేరు చేసి వాడమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మా బావమరిది రెండున్నర గంటల కష్టం చూశాక నేనైతే ఆ సలహా ఎవరికీ ఇవ్వను.

ఇక చేతి ఊపు లేకుండా పిస్టల్‌ని వైస్‌కి (వస్తువుని కదలకుండా పట్టే ఇనుప దవడల పట్టుకి) బిగించి చూడాల్సిందే అనుకున్నాను. కోచ్ సార్‌ని అడిగితే మొదట ఒప్పుకోలేదు. క్లబ్బు పిస్టల్ మీద ఇనుప దవడలు పడితే ఏమవుతుందో ఆయన భయం ఆయనది, న్యాయమైన భయమే. నైలాన్ దిమ్మ తీసుకుని లేత్ మీద బ్యారెల్ బయటి కొలతకి సరిగ్గా బోరు చేసి, రెండుగా కోసి, లోపల మెత్తటి తోలు అతికించి తీసుకెళ్ళి చూపించాను. గట్టిగా నొక్కకుండా, కదలకుండా మాత్రమే పట్టుకుంటుంది. చేత్తో తిప్పి చూసి, "ఆదివారం సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక, నేనుండగానే" అన్నారు. అలా మూడు ఆదివారాలు. చివరి లేన్, ముందు ఎవరూ లేరు, పిస్టల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే. ట్రిగ్గర్ మాత్రం సారే నొక్కారు.

రకం మార్చిన ప్రతిసారీ ముందు ఫెల్ట్ ముక్కలతో బ్యారెల్ తుడిచి, కొత్త రకంవి ఓ 15 గుళ్ళు ఊరికే కొట్టి, అప్పుడు లెక్కకి 10 కొట్టాం. బ్యారెల్‌కి కొత్త సీసం అలవాటయ్యేదాకా మొదటి కొన్ని షాట్లు నమ్మకూడదని సార్ చెప్పారు. బ్యారెల్‌లో నూనె చుక్క కూడా వెయ్యలేదు. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరంతో) కొలిచి, అందులోంచి ఒక పెలెట్ మందం 4.5 తీసేస్తే అసలు చెదురు ఎంతో తెలుస్తుంది.

చవక డబ్బా చెదురు 19 మిల్లీమీటర్లు. పదిలో ఎనిమిది ఒకచోట దగ్గరగా పడి, రెండు మాత్రం దారి తప్పాయి. అదే డబ్బాలోంచి భూతద్దం కింద మంచివి ఏరి కొడితే 9కి తగ్గింది. బరువు చూడలేదు, స్కర్ట్ గుండ్రంగా ఉందా లేదా అనేది మాత్రమే చూసి ఏరాను. కాటా దగ్గర దొరకని జవాబు అక్కడ దొరికింది.

ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ అనేది ప్రాక్టీస్ కోసం అమ్మే మామూలు రకం, 0.45 గ్రాములు. దాని చెదురు 5 మిల్లీమీటర్ల లోపే. నేను అంత బాగుంటుందని అనుకోలేదు. ఫినాలే మ్యాచ్ 4.50 తల సైజుది 3 మిల్లీమీటర్లు. ఆర్10 మ్యాచ్ 4.49 సైజుది రెండుసార్లు కొట్టినా 2 దాటలేదు. పది గుళ్ళూ దాదాపు ఒకే కన్నంలోంచి పోయాయి. కోచ్ సార్ ఆ కాగితం అడిగి తీసుకుని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

తల సైజు అంటే ఏమిటో చెప్పాలి, కొనేటప్పుడు అందరం వదిలేసేది దీన్నే. మ్యాచ్ పెలెట్ల డబ్బా మీద 4.48, 4.49, 4.50 అని చిన్న చీటీ ఉంటుంది. అది పెలెట్ ముందు భాగం వ్యాసం. ఒక్కో దానికీ తేడా మిల్లీమీటర్‌లో వందో వంతు. నేను రోజూ ఆ కొలతతోనే బతుకుతాను కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పిస్టళ్ళు రెండు తీసుకున్నా వాటి బ్యారెళ్ళు లోపల పూర్తిగా ఒకేలా ఉండవు. మా పిస్టల్‌కి 4.49 నచ్చింది. పక్క లేన్‌లో ఒక అబ్బాయి వాళ్ళ నాన్న నా మాట విని అదే తీసుకోబోతుంటే ఆపాను. వాళ్ళ పిస్టల్ కూడా నైలాన్ దిమ్మలో పెట్టి చూస్తే దానికి ఫినాలే మ్యాచ్ 4.50 ముందుంది. కాబట్టి ఈ రెండిట్లో ఏది గొప్పదని నన్ను అడగొద్దు. రెండూ అద్భుతంగా చేసిన సరుకు. మీ పిస్టల్‌కి ఏది కుదురుతుందో అది మీ బ్యారెల్ మీద కొట్టి చూస్తేనే తెలుస్తుంది. నా దిమ్మ క్లబ్బులోనే ఉంచాను, సార్‌ని అడిగి ఎవరైనా వాడుకోవచ్చు.

ఇప్పుడు ఆ ఏడు సంగతి. చవక డబ్బా చెదురు 19 అంటే, గుంపు మధ్య నుంచి దారి తప్పిన గుండు 10, 11 మిల్లీమీటర్ల దూరం పోవచ్చు. పాప గురి సరిగ్గా మధ్యలో ఉన్నా పది కాస్తా తొమ్మిది అవుతుంది. తొమ్మిది అంచున గురి ఉంటే ఎనిమిది, ఇంకొంచెం పక్కకి పోతే ఏడు. ఏడు పడాలంటే కేంద్రం నుంచి 24 మిల్లీమీటర్లు దాటాలి. అందులో సగానికి తక్కువే పెలెట్‌ది, మిగతాది చేతిదే. ఈ లెక్క పాపకి కాగితం మీద గీసి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నేనూ, సారూ ఇద్దరం సగం సగం కరెక్టే" అంది. నాకు చాలా సంతోషమైంది. తన మాట నమ్మి విప్పి చూశానని తనకి తెలిసింది, తన తప్పు ఎంతో కూడా తనే ఒప్పుకుంది.

ఖర్చు దగ్గరికి వస్తే, మ్యాచ్ డబ్బా మాకు చవక డబ్బా కంటే నాలుగింతలు పడింది. 500 గుళ్ళ డబ్బా. పాప రోజుకి 80 దాకా కొడుతుంది, వారానికి ఐదు రోజులు, అంటే వారానికి 400. నెలకి మూడు డబ్బాలు పైనే. లారీ పనుల మీద బతికే ఇంటికి అది చిన్న మాట కాదు. అందుకని మేం ఇలా సర్దుకున్నాం: సోమవారం నుంచి బుధవారం దాకా హాబీ, గురువారం, ఆదివారం మ్యాచ్ పెలెట్. హాబీ 5 మిల్లీమీటర్ల లోపు చెదురుతుందంటే మధ్య నుంచి రెండున్నర లోపే. నేర్చుకునే పిల్లల చేతి ఊపు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇప్పుడే చేరిన పిల్లలకి మొదటి ఏడాది ఆర్10 కొనాల్సిన అవసరం నాకు కనిపించలేదు. శుభ్రంగా ఉన్న హాబీ లాంటిది చాలు. కానీ స్కర్టులు నొక్కుకుపోయిన చవక సరుకు మాత్రం మొదటి రోజు నుంచే వద్దు. మంచి షాట్ కొట్టిన పిల్లకి కాగితం మీద ఎనిమిది కనిపిస్తే, తను సరిగ్గా చేసిన పనినే తప్పనుకుని మార్చుకుంటుంది. తర్వాత దాన్ని సరిదిద్దడానికి కోచ్‌కి నెలలు పడుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డబ్బా రాగానే వీడియో తీస్తూ విప్పండి. మాకు వచ్చిన ఒక పార్సిల్ ఎక్కడో ఎత్తు నుంచి పడేసినట్టుంది, డబ్బా మూల లోపలికి పోయింది. మూత కింద స్పాంజి ఉన్నా పక్కనున్న 30, 40 గుళ్ళ అంచులు వంగిపోయాయి. వీడియో ఉంది కాబట్టి అమ్మినవాళ్ళు మార్చి ఇచ్చారు. పిల్లలకి కూడా డబ్బాని బ్యాగులో గలగలలాడించొద్దని చెప్పాలి. పాప ఇప్పుడు ఆ రోజుకి కావలసిన 80 గుళ్ళు మాత్రం, స్పాంజికి కన్నాలు పొడిచి చేసిన చిన్న పెట్టెలో, తల కిందికి పెట్టి తీసుకెళ్తుంది.

మన ఊరి ఎండతో పెలెట్‌కి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా వానాకాలం తేమతో. కృష్ణా నది పక్కనే ఉన్నాం, జూలై వస్తే బీరువాలో బట్టలే వాసన కొడతాయి. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి, మూత బిగిసే స్టీలు డబ్బాలో పెలెట్ డబ్బాలతో పాటు వేస్తున్నాను. తెల్ల పొడి పట్టిన గుళ్ళు వాడొద్దు, తుడిచి మళ్ళీ పెట్టొద్దు. ఆ పొడి కూడా సీసమే, ఊపిరితో లోపలికి పోతుంది.

సీసం విషయంలో మా ఇంట్లో కచ్చితమైన నియమాలు పెట్టాం. రేంజ్‌లో ఏమీ తినకూడదు. పెలెట్ నోట్లో పెట్టుకోకూడదు (ఒక పిల్లాడు పళ్ళ మధ్య పట్టుకుని లోడ్ చెయ్యడం నా కళ్ళతో చూశాను, వాళ్ళ అమ్మగారికి వెంటనే చెప్పాను). బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే టిఫిన్ డబ్బా ముట్టుకోవాలి. ప్రాక్టీస్ బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పెలెట్ల డబ్బాకి తాళం వెయ్యండి.

లైసెన్స్ గురించి చాలామంది టెన్షన్ పడుతున్నారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు .177 దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పైన చెప్పిన బరువు, వేగం పెట్టి లెక్క వేస్తే మ్యాచ్ పిస్టల్ 5 జౌల్స్ దగ్గరే ఉంటుంది. అలాగని మేడ మీద కొట్టుకునే వస్తువు కాదది. క్లబ్బులోనే కొట్టాలి, ఇంటికి తెస్తే పెట్టెలోనే ఉండాలి.

చివరిగా, లాట్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకి వేసే నంబర్. పెలెట్ డబ్బా అడుగున ముద్ర వేసి ఉంటుంది. రంగు కొనేటప్పుడు గోడంతటికీ ఒకే బ్యాచ్ చూసి తీసుకుంటాం కదా, అలాగే మంచి గుంపు పడ్డ లాట్ దొరికితే ఉన్నన్ని తీసుకోవాలి. మేం 4.49లో అదే లాట్‌వి 11 డబ్బాలు తెప్పించాం. పాప ప్రతి మూత మీద మార్కర్‌తో తేదీ రాసి వరసలో పేర్చింది. నిన్నటికి నాలుగు ఖాళీ అయ్యాయి. పోయిన ఆదివారం మ్యాచ్‌లో మళ్ళీ ఒక ఏడు పడింది. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి దించి, రెండు సార్లు ఊపిరి పీల్చుకుని తర్వాతి షాట్‌కి వెళ్ళింది. బయటికి వచ్చాక "అది నాదే నాన్నా, తొందరపడ్డాను" అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మిగిలిన ఏడు డబ్బాలు అయిపోయేలోపు ఇంకో లాట్ తెప్పించి, సార్‌ని అడిగి మళ్ళీ ఒక ఆదివారం సాయంత్రం దిమ్మ బిగించాలి.